మన వాకిట నున్నవాడు



లూకా సువార్త 16వ అధ్యాయములో ధనవంతుని గూర్చియు లాజరును గూర్చియు మన ప్రభువు చెప్పిన ఉపమానము మీరందరు ఎరిగినదే. ఆదివారపు బడి పిల్లలు సహితము దానిని చెప్పగలరు. అయితే అందులోని ఒక సంగతిని మనము తరచుగా గమనింపక దాటిపోవుదుము. ఆ ధనవంతుడు లాజరును కొట్టెనని గాని, వాని సొమ్ము దోచుకొనెనని గాని, వానిని అక్కడనుండి వెళ్లగొట్టించెనని గాని ప్రభువు చెప్పలేదు. అతడు తన యింట తాను భుజించెను, తన బట్టలు తాను కట్టుకొనెను. లాజరు బయట పడియుండెను. ఇద్దరికిని నడుమ ఒక వాకిలి యుండెను. అంతే.

ఈ నెల మేము ఆ వాకిటిని గూర్చియే మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము. మా ప్రశ్న ఇది. ఒక చిన్న సమాజము కష్టపడి, న్యాయముగా సంపాదించి, వ్యాధికాలమందు తనవారిలో ఎవరికిని లోటు లేకుండ ఏర్పాటు చేసికొనెననుకొనుడి. గుమ్మము బయట నున్నవారికి ఆ యేర్పాటు లేదు. లోపలివారు బయటివారికి ఏ కీడును తలపెట్టలేదు. అట్టియెడల లోపలివారు దేవుని యెదుట నిర్దోషులా?

ఇది పండితులకు మాత్రమే తగిన ప్రశ్న కాదు. మంచము పట్టిన మనిషి యున్న ప్రతి యింటి ప్రశ్న ఇది. గేదెను అమ్ముదమా, చెవికమ్మలు తాకట్టు పెట్టుదమా, ఉన్న అర యెకరము వ్రాసి యిత్తమా అని పిల్లలు నిద్రించిన తరువాత భార్యాభర్తలు మెల్లగా మాటలాడుకొనని యిండ్లు మన పల్లెలలో ఎన్ని యున్నవి? అట్టి మాటలు అక్కరలేకుండ చేయుటకు మనుష్యులు కల్పించుకొన్న ఏర్పాటునకే ఆరోగ్య బీమా అని పేరు.

కొండమీది ఒక ఊరు

అమెరికా దేశమున న్యూ మెక్సికో అను రాష్ట్రము కలదు. దాని ఉత్తర భాగమున, సముద్రమట్టమునకు ఏడువేల అడుగులకు పైని, ఒక పీఠభూమి మీద లాస్ అలమోస్ అను ఊరున్నది. పూర్వము అక్కడ మగపిల్లల పాఠశాల ఒకటియు, స్పానిషు భాష మాటలాడు చిన్న రైతుల చేలును ఉండెను. 1943లో అణుబాంబు తయారుచేయు ప్రయోగశాల అక్కడ నెలకొల్పబడెను. దానికై ఆ భూములను ప్రభుత్వము తీసికొనెను. చుట్టు తీగెల కంచె వేసి, గేటులు పెట్టి, సైనికులను కాపుంచిరి. చీటి లేనివారు లోనికి పోరాదు. అక్కడివారందరికి చిరునామా ఒక్కటే: సాంటా ఫే పట్టణపు పోస్టాఫీసులో 1663వ నంబరు పెట్టె. ఆ యూరిలో పుట్టిన శిశువుల జనన పత్రములలో సహితము ఆ పెట్టె నంబరే వ్రాయబడెను.

ఆ దినములలో అక్కడివారు చాలవరకు పడుచు వయసువారు. వారి వైద్యమును సైన్యమే చూచుకొనెను. సమీపముననున్న సాన్ ఇల్డెఫాన్సో మొదలైన ఆదివాసుల ఊళ్ల స్త్రీలు ఉదయమున బస్సులలో కొండయెక్కి, శాస్త్రజ్ఞుల యిండ్లలో పనిచేసి, సాయంకాలమున కొండ దిగిపోయెడివారు. 1957లో గేటు తెరువబడెను. అప్పటినుండి చీటి లేకుండ ఎవరైనను ఆ యూరిలోనికి పోవచ్చును, రావచ్చును.

2020 జనాభా లెక్కల ప్రకారము లాస్ అలమోస్ కౌంటీలో 19,419 మంది యున్నారు. ఆ దేశములో మిక్కిలి కలిమిగల కౌంటీలలో అది యొకటి. అక్కడి మధ్యతరగతి కుటుంబపు సంవత్సరాదాయము లక్ష డాలర్లకు పైమాట. ఉన్నత విద్య చదివినవారు జనసంఖ్యలో అంత పెద్ద పాలుగా నున్న చోటులు ఆ దేశములో అరుదు. ప్రయోగశాలయే పెద్ద యజమాని. జీతముతోపాటు ఆరోగ్య బీమా వచ్చును. భర్తకు వచ్చినది భార్యకు, పిల్లలకు కూడ వర్తించును. కనుక ఆ యూరిలో నూటికి తొంభైమందికి పైగా బీమా గలవారే.

కొండ దిగి సుమారు 20 మైళ్లు పోయినయెడల రియో గ్రాండె నదీలోయలో ఎస్పాన్యోలా అను చిన్న పట్టణము వచ్చును. దానిలో పెద్ద భాగము రియో అర్రీబా కౌంటీలోనిది. ఆ కౌంటీలో సుమారు 40 వేలమంది యున్నారు. వారి యాదాయము కొండమీదివారి యాదాయములో సగము కూడ లేదు. మత్తుమందుల చావులు అత్యధికముగా నున్న చోటులలో ఆ కౌంటీ పేరు చాలకాలముగా వినబడుచున్నది. న్యూ మెక్సికో రాష్ట్రమంతటిలోను మూడవవంతుకంటె ఎక్కువమంది, బీదలకై ప్రభుత్వము ఏర్పరచిన మెడికెయిడ్ మీదనే ఆధారపడి యున్నారు. ఎస్పాన్యోలా లోయనుండి నేటికిని ప్రతి ఉదయము అనేకులు పనికై కొండ యెక్కుచున్నారు, సాయంకాలము దిగుచున్నారు.

గేటు తీసివేసి అరువదియేండ్లు దాటినది. కావలివాడు లేడు. అయినను ఒక వాకిలి అక్కడ నిలిచియున్నదని జనాభా లెక్కలు చదువువారికి తెలియును.

ఈ యేర్పాటు ఎట్లు పుట్టెను

మనము తొందరపడి తీర్పు తీర్చకుందము. ఆరోగ్య బీమా దురాశవలన పుట్టినది కాదు. 1929లో టెక్సాసు రాష్ట్రపు డల్లాసు నగరములో, బాప్టిస్టువారి బేయిలర్ ఆసుపత్రిని నడుపు బాధ్యతలోనికి జస్టిన్ ఫోర్డ్ కింబల్ అను ఆయన వచ్చియుండెను. ఆయన మునుపు ఆ నగరపు బడులకు పై అధికారిగా పనిచేసినవాడు. ఆసుపత్రికి బాకీపడి తీర్చలేకపోయినవారి పట్టీని ఆయన చూచినపుడు, అందులో తాను ఎరిగిన ఉపాధ్యాయుల పేర్లు కనబడెను. పేర్లు తెలిసినందున ఆయన ఊరకుండలేకపోయెను. ఉపాధ్యాయులు నెలకు అర డాలరు చొప్పున చెల్లించినచో, అవసరము కలిగినపుడు 21 దినముల వరకు ఆసుపత్రిలో ఉంచి చూచునట్లు ఒక ఒడంబడిక చేసెను. ఆ దేశపు ఆరోగ్య బీమా పెరిగిన విత్తనములలో ఇది ముఖ్యమైనది.

తరువాత రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. 1942లో జీతములు పెంచుటకు ప్రభుత్వము హద్దు పెట్టెను. జీతము పెంచలేని యజమానులు పనివారిని నిలుపుకొనుటకై బీమా నియ్యసాగిరి. యజమాని చెల్లించు బీమా సొమ్ము పనివాని ఆదాయము క్రింద లెక్కకు రాదనియు, దానిపై పన్ను లేదనియు 1954 పన్నుల శాసనము స్థిరపరచెను. ఆ విధముగా వైద్యము ఉద్యోగముతో ముడిపడెను. 65 ఏండ్లు నిండినవారికి మెడికేర్, బీదలకు మెడికెయిడ్ 1965లో వచ్చెను. 2010లో మరియొక గొప్ప శాసనము వచ్చెను. అయినను 2023లో ఆ దేశమున సుమారు 2 కోట్ల 64 లక్షలమందికి, అనగా నూటికి 8 మందికి, ఏ బీమాయు లేకుండెను.

ఈ యేర్పాటులోని మర్మము మన సంఘములకు సులభముగా తెలియును. నూరు ఇండ్లవారు ఇంటికి నెలకు 100 రూపాయల చొప్పున వేసికొనిరనుకొనుడి. నెలకు 10,000 రూపాయలు కూడును. ఆ నెల ఎవరింట రోగము వచ్చునో వారికి ఆ సొమ్ము ఉపయోగపడును. ఆరోగ్యవంతుడు రోగి కొరకును, పడుచువాడు ముసలివాని కొరకును ఇచ్చుచున్నాడు. ఇచ్చువాడు రేపు పుచ్చుకొనువాడు కావచ్చును. అయితే, "మా యింట ఎవరికిని జబ్బు లేదు గదా, మేమెందుకు కట్టవలెను?" అని ఏబది ఇండ్లవారు మానుకొనిన యెడల మిగిలిన ఏబది ఇండ్లు 200 కట్టవలెను. అది భారమై మరి యిరువదియైదు ఇండ్లు మానుకొనినచో మిగిలినవారు 400 కట్టవలెను. కడపట రోగులును బీదలును మాత్రము మిగులుదురు. వారు కట్టలేరు, ఆ నిధి నిలువదు.

కాబట్టి లెక్కప్రకారము చూచినచో, అందరికంటె సులభముగా బీమా చేయదగినది కలిమిగల చిన్న సమాజమే. అక్కడివారికి నిలుకడైన జీతములు కలవు, చదువు కలదు, మంచి ఆహారము కలదు, పనిచేయు వయసు కలదు. ఎవరికి దాని యవసరము తక్కువయో వారికే అది సులభముగా దొరకును. ఉద్యోగముతో వచ్చిన బీమా సాధారణముగా ఉద్యోగముతోనే పోవును గనుక, రోగమువలన పని పోగొట్టుకొనినవాడు సరిగా రోగము వచ్చిన వేళనే దానిని పోగొట్టుకొనును. గొడుగు ఎండలో ఇచ్చి వానలో తీసికొనినట్లున్నది.

రెండు కొట్లు

కొందరు భక్తులు, "బీమా అనునదే అవిశ్వాసము కాదా? దేవుడు చూచుకొనడా?" అని మమ్మును అడిగియున్నారు. వారి భక్తిని మేము గౌరవించుచున్నాము. అయితే ఆదికాండము 41వ అధ్యాయమును చదువుడి. సమృద్ధిగల ఏడు సంవత్సరములు పంటలో అయిదవ వంతు తీసి నిలువచేయుమని యోసేపు ఫరోకు ఆలోచన చెప్పెను. ఆ ఆలోచన దేవుని ఆత్మవలన కలిగినదని ఫరో సహితము గ్రహించెను. ముందు రాబోవు కరువునకు సిద్ధపడుట అవిశ్వాసము కాదు.

అట్లయిన లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడు చేసిన తప్పేమి? అతడును ధాన్యము నిలువచేసినవాడే. పాతకొట్లు విప్పి పెద్దకొట్లు కట్టదలచినవాడే. దేవుడు అతనిని వెఱ్ఱివాడనెను. రెండును కొట్లే, రెంటిలోను ధాన్యమే. కాని అతడు తన కొట్టును గూర్చి చెప్పుకొనిన మాటలలో నా పంట, నా కొట్లు, నా ప్రాణము అను మాటలే యున్నవి. పొరుగువాడన్న మాట ఒకటియు లేదు. యోసేపు కొట్లు కరువు వచ్చినపుడు ఐగుప్తు దేశమంతటికి తెరువబడెను. కనానునుండి వచ్చిన పరదేశులకు కూడ, తనను అమ్మివేసిన అన్నలకు కూడ తెరువబడెను. కాబట్టి నిలువచేసితివా అన్న ప్రశ్న చాలదు. ఎవరి కొరకు నిలువచేసితివి అని అడుగవలెను.

అయినను మనము 47వ అధ్యాయమును కూడ నిజాయితీగా చదువవలెను. కరువు ముదిరినపుడు జనులు ధాన్యమునకై మొదట రూకలను ఇచ్చిరి, తరువాత పశువులను ఇచ్చిరి, కడపట భూములను, తమ్మును తామే ఫరోకు అమ్ముకొనిరి. ప్రాణములు దక్కెను గాని స్వాతంత్ర్యము దక్కలేదు. వైద్యము దొరికి, దానికై గేదె, కమ్మలు, పొలము వరుసగా పోయిన యిండ్లవారికి ఈ యధ్యాయము కొత్తది కాదు. దేవునివలన కలిగిన మంచి ఏర్పాటు సహితము బీదవానికి కాడి కావచ్చునని లేఖనమే మనకు దాచకుండ చూపుచున్నది.

లెక్కలో లేనివారు

ఆ దేశములోనే మరియొక విధమైన సమాజము కలదు. ఆమిష్ అను క్రైస్తవులు పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా మొదలైన రాష్ట్రములలో వ్యవసాయము చేసికొనుచు, గుఱ్ఱపు బండ్లలో తిరుగుచు బ్రదుకుచున్నారు. వారిలో అధిక సంఖ్యాకులు కంపెనీల బీమా తీసికొనరు. ఒకరినొకరు ఆదుకొనుట సంఘముయొక్క విధి యని వారు నమ్ముదురు. స్వంత పని చేసికొను ఆమిష్ వారిని ప్రభుత్వపు సాంఘిక భద్రతా పన్నునుండి 1965లో శాసనమే మినహాయించెను. ఒకరికి రోగము వచ్చినపుడు సంఘ పరిచారకులు చందాలు కూర్చుదురు, పొరుగువారు వచ్చి పొలము పనులు చూతురు. ప్రభుత్వపు లెక్కలలో వారు బీమా లేనివారు. అయినను వారిలో రోగియైనవాడు ఒంటరివాడు కాడు.

వారి విధానమే ఉత్తమమని మేము చెప్పుట లేదు. పెద్ద రోగము వచ్చినపుడు చిన్న సంఘపు చందాలు చాలకపోవచ్చును. వారి వలయము కూడ తమవారివరకే గీయబడినది. ఇంతమాత్రము చెప్పుచున్నాము: కాగితము ఉన్నదా లేదా అను లెక్కవలన ఎవరు ఎవరి భారమును మోయుచున్నారో తెలియదు. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో, సాటివారి బరువులను మోయవలెనని ఒక వచనములోను, ఎవని మూట వాడే మోసికొనవలెనని కొద్ది వచనముల తరువాతను చెప్పెను. ఇవి ఒకదానికొకటి విరోధములు కావు. గ్రీకు మూలములో అవి వేరు వేరు మాటలు. ఒకటి మనుష్యుని క్రుంగదీయు బరువు, రెండవది ప్రతివాడును తన భుజమున వేసికొని నడువదగిన మూట. రోజు కూలి తన మూట. కాన్సరు రోగము మూట కాదు, బరువు.

ఒక న్యాయమైన ఆక్షేపణ

ఇప్పుడు లాస్ అలమోసు పక్షమున ఒకడు లేచి ఇట్లు అనవచ్చును: "ఆ జనులు చదివిరి, పనిచేసిరి, పన్నులు కట్టుచున్నారు. ఎవరి సొమ్మును దొంగిలింపలేదు. వారి బీమా వారి జీతములో భాగము. వారెందుకు సిగ్గుపడవలెను?"

ఈ మాటలో నిజమున్నది. వారు దొంగలని మేము అనుట లేదు. వారిలో దైవభీతి గలవారును ధర్మము చేయువారును ఉందురు. అయితే రెండు సంగతులు ఆలోచింపవలెను. మొదటిది: బీమా సొమ్ముపై పన్ను లేనందున, ఎవని జీతము పెద్దదో వానికే ఆ మినహాయింపువలన లాభము పెద్దది. ఇండ్లు ఊడ్చువాని యజమాని బీమా ఇయ్యకపోయినచో వానికి ఆ లాభములో పాలు లేదు. అనగా అందరి ఖజానానుండి ఒక వరము కంటికి కనబడకుండ వచ్చుచున్నది. అది కలవాని యింటనే ఎక్కువగా దిగుచున్నది. స్వంత కష్టముచేతనే సమస్తమును కలిగెనని చెప్పుకొనువాడు ఈ లెక్కను కూడ చూడవలెను.

రెండవది మరింత గంభీరమైనది. 1945 జూలై 16వ తేదీ తెల్లవారుజామున, లాస్ అలమోసులో తయారైన మొదటి బాంబును న్యూ మెక్సికోలోనే, అక్కడికి సుమారు 200 మైళ్ల దక్షిణముగా నున్న ఎడారిలో ప్రేల్చి చూచిరి. దానికి ట్రినిటీ అని పేరు పెట్టిరి. త్రిత్వమని దాని యర్థము. చుట్టుపట్ల కాపురమున్న పల్లె జనులకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు, వారిని తరలింపలేదు. వారిలో అనేకులు ఇంటికప్పులపై పడిన వాననీటిని తొట్లలో పట్టి త్రాగువారు, తమ పశువుల పాలు త్రాగువారు. ఆకాశమునుండి బూడిద రాలెను. ఆ దినము మొదలుకొని తమ కుటుంబములలో తరతరములుగా కాన్సరు పాకెనని ఆ ప్రాంతపువారు చెప్పుచున్నారు. 1990లో అణుపరీక్షల బాధితులకు పరిహారమిచ్చు శాసనము వచ్చినపుడు నెవాడా పరీక్షలకు దిగువ గాలిలో నున్నవారు అందులో చేర్చబడిరి గాని, మొట్టమొదటి పరీక్షకు దగ్గరనున్న న్యూ మెక్సికోవారు చేర్చబడలేదు. 2025 జూలైలో గాని వారికి ఆ ద్వారము తెరువబడలేదు. ప్రేలుడు జరిగి అప్పటికి ఎనుబదియేండ్లు. మెడికెయిడ్ నిబంధనలను కఠినము చేసినదియు అదే శాసనము.

న్యాయముగా చెప్పవలెనన్న, ప్రయోగశాలలో పనిచేసినవారిలో కూడ రోగులైనవారు కలరు. అట్టివారికై 2000వ సంవత్సరమున వేరొక శాసనము వచ్చెను. లోపలివారి బాధకు తలుపు ఇరువదియైదేండ్లు ముందుగా తెరువబడినది. బయటివారు వేచియుండిరి. ధనవంతుని విందు పొగ వాకిటివానికి తగులుచుండగా, "నేను వానికి ఏ కీడును చేయలేదు" అని ధనవంతుడు చెప్పగలడా?

మన సంగతి

ప్రియులారా, దూరపు ఊరివారిని తీర్పు తీర్చుట సులభము. ఇప్పుడు మేము సిగ్గుతో మా సంగతి ఒకటి చెప్పవలసియున్నది.

మా సంఘములో కొన్ని కుటుంబములు ఉపాధ్యాయులవి, రైల్వేవారివి, పింఛనుదారులవి. మాకందరికి ఏదో యొక విధమైన వైద్య సదుపాయము కలదు. ఆరాధన తరువాత మేము ముందువరుసలో నిలిచి, ఎవరి కంటి ఆపరేషను ఎక్కడ జరిగినదో, ఏ ఆసుపత్రిలో ఏ కార్డు చెల్లునో మాటలాడుకొనుచుందుము. మా సంఘము ఆ విధముగా ఒక చిన్న కొండమీది ఊరు.

వెనుక కూర్చుండు ఒక సహోదరుడు కూలిపని చేసికొనువాడు, చక్కెర వ్యాధి గలవాడు. ఆయన వరుసగా మూడు ఆదివారములు రాలేదు. మేము హాజరు పుస్తకములో ఆయన పేరునకెదురుగా మూడు పర్యాయములు "రాలేదు" అని వ్రాసితిమి. ప్రార్థన మనవులు అడిగినపుడు రోగులందరి కొరకు అని మొత్తముగా ప్రార్థించితిమి. నాలుగవ వారము తెలిసిన సంగతి ఏమనగా, కాలికి పుండు పడి, ఊరి వైద్యునికి రెండు మేకలను అమ్మి యిచ్చెను. ప్రభుత్వపు ఉచిత చికిత్సకు ఆయన అర్హుడే. కాని బాప్తిస్మమందు పొందిన పేరు ఒక కార్డులోను, చిన్ననాటి పేరు మరియొక కార్డులోను ఉన్నందున, సరిచేయించుకొని రమ్మని త్రిప్పి పంపిరి. ఎక్కడ సరిచేయింతురో ఆయనకు తెలియలేదు. మాలో ఒక ఉపాధ్యాయుడు వెంటబడి తిరిగి ఆ పని ముగించునప్పటికి మరి పదకొండు దినములు పట్టెను. అప్పటికి మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చెను.

మేము చూడబోయినపుడు ఆయన మమ్మును నిందింపలేదు. "అయ్యగారూ, మీకు నా పేరు తెలుసు గదా. కాగితంలోనే తేడా వచ్చింది. మీలో ఒకరు వచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది" అనెను. నేడు ఆయన కఱ్ఱ ఊతముగా వచ్చి తలుపు ప్రక్కన కూర్చుండుచున్నాడు.

ఆ మాట విన్ననాటినుండి లాజరు ఉపమానము మాకు వేరుగా వినబడుచున్నది. మన ప్రభువు చెప్పిన ఉపమానములలో పేరు పెట్టబడిన మనుష్యులు అరుదు. ఈ కథలో ధనవంతునికి పేరు లేదు. వాకిట పడియున్నవానికే పేరు కలదు. మరియు ధనవంతుడు పాతాళములో కన్నులెత్తినపుడు లాజరును పేరుపెట్టి పిలిచెను. అనగా అతనికి ఆ పేరు మొదటినుండి తెలియును! తెలియక చేసిన తప్పు కాదది. పేరు తెలిసియు లేవకపోవుటయే ఆ తప్పు. డల్లాసులో ఆసుపత్రి బాకీల పట్టీ చూచినవానికి పేర్లు తెలిసియుండెను, ఆయన లేచి ఏదో యొకటి చేసెను. మేము హాజరు పుస్తకము చూచితిమి, పేరు తెలిసియుండెను, కలము తీసి "రాలేదు" అని వ్రాసితిమి.

మేము అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మా యుత్తరము చెప్పుచున్నాము. తనవారికి భద్రత చేసికొనుట పాపము కాదు, అది బుద్ధి. కాని ఆ భద్రత ఎంత గట్టిదైతే, వాకిటివానిని గూర్చిన బాధ్యత అంత పెద్దదగును. భయము తీరినవానికే ఇతరుల భయము చూచుటకు తీరిక కలుగును. ఆ తీరికను దేవుడు మనకు ఇచ్చినది ముందువరుసలో కబుర్లు చెప్పుకొనుటకు కాదు. కొండమీది ఊరు దాగియుండలేదని ప్రభువు చెప్పిన మాటకు, దాని వెలుగు లోయలోనివారికి దారి చూపవలెనన్న భావము కూడ కలదు గదా.

మనమేమి చేయవచ్చును? లాస్ అలమోసు గేటును మనము సవరింపలేము. మన గుమ్మమును సవరింపగలము. 2007లో ఉమ్మడి ఆంధ్ర రాష్ట్రమున ఆరోగ్యశ్రీ అను పేరుతో ఆరంభమైన ఉచిత చికిత్సా పథకము నేటికిని మన రెండు తెలుగు రాష్ట్రములలో నడుచుచున్నది. 2018లో కేంద్ర ప్రభుత్వము కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవరకు చికిత్స నిచ్చు ఆయుష్మాన్ భారత్ పథకమును ఆరంభించెను. 2024లో 70 ఏండ్లు దాటిన వృద్ధులందరిని అందులో చేర్చిరి. ఏర్పాటు కలదు. అయితే కార్డులో పేరు తప్పినవాడు, చదువరానివాడు, ఆసుపత్రిలో ఎవరిని అడుగవలెనో ఎరుగనివాడు వాకిటనే నిలిచిపోవుచున్నాడు. చదువుకొనిన యౌవనులు నెలకొక సాయంకాలము ప్రార్థనాలయపు అరుగుమీద కూర్చుండి, ఇంటింటివారి కార్డులు తెప్పించి, పేర్లు సరిపోల్చి చూచినచో ఎంత మేలు! రోగి పట్టణమునకు పోవునపుడు సంఘమునుండి ఒకరు తోడుపోయి, ఆరోగ్యమిత్ర బల్లయొద్ద అతని పక్షమున నోరు విప్పినచో ఎంత మేలు! మన స్త్రీలు వంటకు ముందు దేవుని కొరకు గుప్పెడు బియ్యము తీసియుంచు అలవాటు మన సంఘములలో కలదు. ఆ బియ్యములో ఒక పాలు బస్సు చార్జీలకును, రోగి వెంట నున్నవారి భోజనమునకును కేటాయించినచో అది యోసేపు కొట్టువంటిదే గాని వెఱ్ఱివాని కొట్టు కాదు.

మా సంఘములో హాజరు పుస్తకమునకు ఇప్పుడు ఒక గడి చేర్చితిమి. "రాలేదు" అని వ్రాసిన ప్రతి పేరు ప్రక్కన, ఆ వారములోగా ఎవరు వెళ్లి చూచిరో వారి పేరు వ్రాయవలెను. ఆ గడి ఖాళీగా ఉన్నచో మరుసటి ఆదివారము ప్రసంగమునకు ముందు దానిని చదువుదుము. చిన్న పనియే. అయినను ఆ గడి నింపుటకు మనుష్యుడు లేచి వాకిలి దాటవలెను.

మనలను పేరుపెట్టి పిలిచిన ప్రభువు, వాకిట నున్నవాని పేరును మన నోట ఉంచి, మన కాళ్లను అతనియొద్దకు నడిపించును గాక. ఆమేన్.